పెదవి మీద వేలు

ఫిబ్రవరి 9

మూతపడిన క్రైస్తవ మఠం నుంచి మ్యూజియానికి వచ్చిన కట్టలో ఆఖరి బొమ్మ ఇవాళ నా బల్ల మీదికి చేరింది. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన పాత బొమ్మ. ముసలి గురువు, నడుం వరకే. ఒక చేతిలో చిన్న సిలువ. రెండో చెయ్యి పైకెత్తి, చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని ఉన్నాడు. తల చుట్టూ సన్నటి వెలుగు గీతలు, కాబట్టి చర్చి గుర్తించిన పునీతుడే. ఏ పునీతుడో చెప్పే పేరు మాత్రం లేదు. కింద అక్షరాలుండే అంచును ఏ మహానుభావుడో ఫ్రేములో పట్టించడానికి కత్తిరించి పారేశాడు. అలాంటివాళ్ళను ఏం చేయాలో నాకు బాగా తెలుసు గానీ డైరీలో రాస్తే మర్యాదగా ఉండదు.

మరకలు తీసి చిరుగులు అతకడం నా పని. బొమ్మలో ఉన్నది ఎవరో తేల్చడం క్యూరేటరు గారి పని. ఆయన గుమ్మంలోంచే తేల్చేశారు.

"ఇంకెవరమ్మా, నోరు విప్పని పునీతుడు. రాణి పాపసంకీర్తనంలో, అదే గురువు దగ్గర తన పాపాలు ఒప్పుకునేటప్పుడు, ఏం చెప్పుకుందో చెప్పమని రాజు అడిగాడు. ఈయన చెప్పనన్నాడు. నదిలో తోయించారు. ఆ వేలు చూడండి, అంతా అందులోనే ఉంది."

వచ్చే ప్రదర్శనలో తలుపు ఎదురుగా ఈ బొమ్మే ఉండాలట. బొమ్మ కింద పెట్టే నాలుగు వాక్యాలు నన్నే రాయమన్నారు. నా భాష ఆయనకు ఇష్టం. తనకు తీరిక లేదన్నది అసలు సంగతి.

నాకు ముసలాయన నచ్చాడు. ఈమధ్య నాకు కావలసిన మనిషి ఇలాంటివాడే.

చేతి దగ్గర గీతలు మిగతా బొమ్మ కంటే కాస్త వెలిసినట్టున్నాయి. అరిగి ఉంటుంది.

ఫిబ్రవరి 10

అన్నయ్య బాగానే ఉన్నాడు. పొద్దున టీ అడిగి మరీ తాగాడు.

పెరట్లో షెడ్డు ముందు కొత్త చెక్కలు దింపించాడు. ఊళ్ళో సగం ఇళ్ళకు బల్లలూ మంచాలూ చేసిపెట్టిన వడ్రంగి ఇంట్లో మేం భోంచేసేది ప్లైవుడ్ బల్ల మీద. దాని ఒక కాలి కింద మడిచిన అట్టముక్క. పెళ్ళైన కొత్తలో వదినతో అన్నాడట, ప్రస్తుతానికి దీంతో సర్దుకో, మంచి చెక్క దొరకగానే నీకు బల్ల చేసిస్తానని. వదిన జుట్టు నెరిసింది, ఆ 'ప్రస్తుతం' మాత్రం నెరవలేదు. ఇప్పటికి దొరికిందట మంచి చెక్క. ఇంకా పచ్చిగా ఉంది. నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చాడు.

"రెండు వేసవులు ఆరనిస్తా. అప్పుడు చూడండి బల్లంటే ఏంటో" అన్నాడు.

వదిన చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను చెప్పు పట్టీ సరిచేసుకున్నాను.

పోయిన నెల ఆస్పత్రిలో డాక్టరు వదిననూ నన్నూ లోపలికి పిలిచి తలుపు వేసి చెప్పాడు. కోసి లాభం లేదన్నాడు. వచ్చే ఏడాది మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆ జబ్బు పేరు ఇక్కడ కూడా రాయను. బయట బెంచీ మీద కూర్చున్న అన్నయ్యకు వదిన వెళ్ళి కడుపులో పుండు అని చెప్పింది. ఆ తర్వాత నా చేత ఒట్టు వేయించుకుంది. అన్నయ్య నమ్మాడు. మాత్రలు వేసుకుంటున్నాడు, కారం మానేశాడు, పత్యం గురించి మాకే పాఠాలు చెబుతున్నాడు.

ఫిబ్రవరి 13

నాలుగు వాక్యాలు రాశాను. 'కొన్ని మాటలు చెప్పకపోవడమే ప్రేమ' అని మూడో వాక్యం. క్యూరేటరు గారు చదివి తల ఊపారు. "ఇది మాత్రం ముట్టుకోను. బ్రహ్మాండం."

ఇంటికి వచ్చేదాకా ఆ వాక్యాన్నే నెమరేశాను. చెప్పకపోవడమే మంచిది. చెప్పి ఏం సాధిస్తాం. ఆ మనిషి నవ్వుతున్నాడు, తింటున్నాడు, పాడుతున్నాడు కూడా. అన్నయ్య పాడటం ఒక రకంగా మాకు శిక్షే. అయినా పాడనీ.

ఫిబ్రవరి 17

అన్నయ్య బాగానే ఉన్నాడు.

ఫిబ్రవరి 20

దీపం పక్కనుంచి వాలుగా పెట్టి బొమ్మను చూశాను. చిరుగులూ ముడతలూ అలాగైతేనే తెలుస్తాయి. రాగిరేకు నుంచి అచ్చు పడిన గీత కాగితం మీద వెంట్రుకవాసి ఉబ్బుగా నిలబడుతుంది. గడ్డం నిలబడింది. సిలువ నిలబడింది. అంగీ ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. చేతి దగ్గరికొచ్చేసరికి అంతా చదును.

దీపం సరిగ్గా లేదు. బల్బు మార్చమని ఎన్నిసార్లు చెప్పినా ఈ ఆఫీసులో ఎవడి చెవికీ ఎక్కదు.

ఫిబ్రవరి 24

బల్బు మార్చారు.

దాని గురించి తర్వాత రాస్తాను.

ఫిబ్రవరి 27

అన్నయ్య చెక్కల్ని తిరగేస్తున్నాడు. ఒకే వైపు గాలి తగిలితే వంకర పోతాయట, అందుకని పైవి కిందికీ కిందివి పైకీ. ఇదివరకు ఇలాంటి చెక్కను భుజాన వేసుకుని నడిచేవాడు. ఇవాళ ఒక్కొక్కదానికీ ఆగి నడుం పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఈ పుండేదో మహా గట్టి పుండే అతుకులమ్మా. చెక్కలక్కూడా అడ్డం వస్తోంది."

నన్ను అతుకులమ్మ అంటాడు. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు పెట్టిన పేరు. బట్టల అతుకులైతే కనీసం ఇంట్లో పనికొచ్చేదానివి, కాగితాల అతుకులేంటే అని ఇన్నేళ్ళుగా ఏడిపిస్తున్నాడు.

"తగ్గుతుందిలే" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

మార్చి 2

బొమ్మను నీళ్ళలో పెట్టాలి. పసుపు మరకలు అలా అయితే తప్ప పోవు. పెట్టేముందు ఒక పరీక్ష ఉంటుంది. ఒక్క నీటిచుక్క వేసి, బ్లాటింగ్ కాగితంతో అద్ది చూడాలి. అచ్చుసిరా నూనెతో కలిపింది, నీళ్ళకు ఊడదు. గడ్డం మీద అద్దితే కాగితం తెల్లగానే ఉంది. వేలి మీద అద్దాను. గోధుమరంగు మచ్చ అంటుకుంది.

మరకై ఉంటుంది అనుకున్నాను. పక్కన మళ్ళీ అద్దాను. మళ్ళీ గోధుమరంగే.

ఈ పనిలో నా తల నెరిసింది. కలంతో గీసిన గీతకూ అచ్చు గీతకూ తేడా మొదటి రోజు నుంచే కనబడుతోంది. అరిగి ఉంటుందని రాసుకున్నాను. బల్బు మీద తోశాను. ఇప్పుడు మరక మీద తోస్తున్నాను. ఎవరి కోసం రాస్తున్నానో ఈ డైరీ, నాకే అబద్ధాలు చెప్పుకుంటూ.

ఆ వేలు తర్వాత ఎవరో గీసింది. చెయ్యంతా అంతే. చిరిగిన చోటు నుంచి పెదవుల దాకా పలచటి కాగితం ముక్క అతికించి, దాని మీద చేత్తో గీశారు. పనిమంతుడే. కింద ఏముందో మాత్రం తెలియదు.

మార్చి 3

క్యూరేటరు గారికి చెప్పాను. ముఖం మాడింది.

"అయితే వేలు లేదంటారా?"

"కింద ఏముందో విప్పితే గానీ తెలియదండి."

"విప్పాలా? కార్డులు అచ్చుకు వెళ్ళిపోయాయి. వేలు తీసేస్తే అసలు ఈయన ఎవరు?"

"తెలియదండి."

"ఎవరో తెలియనివాణ్ణి తలుపు ఎదురుగా ఎలా తగిలిస్తామమ్మా?"

"తెలియదని రాసి తగిలిద్దాం."

ఆయన మంచి మనిషే. బింకం ఎక్కువ గానీ మనసులో కల్మషం లేదు. "మీ ఇష్టం. విప్పేముందు ఫొటోలు తీసిపెట్టండి" అని వెళ్ళిపోయారు.

అనుమతి వచ్చింది. నాకే చేతులు రావడం లేదు.

మార్చి 9

విప్పలేదు. వేరే కట్టలో పని చూసుకున్నాను.

నాకు పని నేర్పిన మాస్టారు ఒకే ఒక్క నియమం చెప్పేవారు. చిల్లు పూడ్చు, గీత కల్పించకు. లేనిచోట తెల్లకాగితం పెట్టి తెల్లగానే వదిలెయ్. చూసేవాడికి ఇక్కడ పోయింది అని తెలియాలి. నీకు బాగుంటుందని నువ్వు గీసేస్తే, అక్కణ్ణుంచి బొమ్మ చెక్కినవాడిది కాదు, నీది.

ఆ పాత రిపేరు చేసినవాణ్ణి తిట్టుకుందామనుకున్నాను. తిట్టలేకపోయాను. వాడికి చిరిగిన చెయ్యి కనబడింది. పక్కన ఇంకో ప్రతి లేదు. ఎవరో మౌనంగా ఉండే పునీతుడు కావాలన్నారేమో. పాపసంకీర్తనం చెప్పుకునే గది పక్కన తగిలించుకోవడానికేమో. వాడూ మంచే చేశాననుకుని ఉంటాడు.

కడుపులో పుండు. వదిన గీసింది, నేను సిరా అందించాను.

మార్చి 12

ఇవాళ పెట్టాను.

వెడల్పాటి ట్రేలో గోరువెచ్చని నీళ్ళు. బొమ్మ కాసేపు తేలి, మెల్లగా మునిగింది. నీళ్ళు పలచటి టీ రంగుకు వచ్చాయి. పాత మైదా జిగురు ఉబ్బింది. కుంచె కొనతో అంచు లేపితే ముక్క మూలగనైనా మూలగకుండా వచ్చేసింది. దాంతోపాటు వేలూ వచ్చేసింది.

కింద చెయ్యి ఉంది. పోలేదు. చిరుగు అరచేతికి అడ్డంగా వెళ్ళింది, అంతే. చెయ్యి ముందుకు చాచి ఉంది, అరచెయ్యి పైకి, ఎదుటి మనిషికి ఏదో అందిస్తున్నట్టు. పెదవులు విచ్చుకుని ఉన్నాయి. కింది వరస పళ్ళు కూడా రెండు సన్న గీతలుగా కనబడుతున్నాయి.

ముసలాయన మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్ళూ మాట్లాడుతూనే ఉన్నాడు.

వంగి, ఆ ముఖంలోకి చూశాను. వేలున్నప్పుడు ఆ కళ్ళు గుట్టు దాచుకున్న కళ్ళనిపించాయి. ఇప్పుడు అవే కళ్ళు, ఒక్క గీత మారలేదు, ఎదుటివాడి మీద జాలితో నిండి ఉన్నాయి. చెప్పక తప్పనిది చెబుతున్న మనిషి కళ్ళు. నాకు ఏడుపొచ్చింది. బొమ్మ మీద పడకుండా పక్కకు తిరిగి ఏడ్చాను. ఎంతైనా ఉద్యోగం.

మార్చి 13

వదినతో మాట్లాడాను. ఒట్టు వెనక్కి తీసుకోమని అడిగాను. గిన్నె తోముతున్నదల్లా ఆపింది.

"నీకేం అమ్మాయ్, చెప్పేసి ఆఫీసుకు వెళ్ళిపోతావు. ఆ మొహం చూస్తూ ఇంట్లో కూర్చునేది నేను."

"చెక్కలు తిరగేస్తున్నాడు వదినా. రెండు వేసవులంటున్నాడు."

"తిరగెయ్యనీ. ఆ చెక్కలు చూసుకుని నవ్వుతున్నారు. ఉన్నన్నాళ్ళూ ఆ నవ్వు నాక్కావాలి. అది కూడా తీసేస్తావా?"

ఆమె చేతిలోని గిన్నె తీసుకుని కడిగి బోర్లించాను.

మార్చి 18

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. అన్నయ్య బాగా లేడు.

మార్చి 22

చెప్పేశాను.

వదిన కూరగాయలకు వెళ్ళింది. ఎండ షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. అన్నయ్య చెక్కల పక్కన స్టూలు మీద కూర్చుని ఒక పలకను చేత్తో నిమురుతున్నాడు.

"ఇంకా చెమ్మ ఉందే దీన్లో. ఇప్పుడు కోస్తే మెలి తిరిగి చస్తుంది. రెండు వేసవులు పడాల్సిందే."

"అన్నయ్యా, రెండు వేసవులు లేవు."

"ఎవరికి, చెక్కకా?"

"నీకు."

నవ్వాడు. తర్వాత నా మొహం చూశాడు. నవ్వు అలాగే ఉంది గానీ వెనక మనిషి లేడు. అయినా డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. జబ్బు పేరు కూడా చెప్పాను. ఇక్కడ రాయనన్న మాట అక్కడ పైకి అన్నాను.

పలక మీంచి చెయ్యి తీసి అడిగాడు. "మీ వదినకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆస్పత్రికెళ్ళిన రోజు నుంచి."

"అంటే ఇన్నాళ్ళూ నేను వీటిని తిరగేస్తుంటే, ఇద్దరూ నిలబడి చూశారన్నమాట."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. లేచి, చెప్పులు వేసుకుని, వీధి గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. వెంట వెళ్ళబోయాను. వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి వద్దన్నాడు.

దీపాలు పెట్టే వేళకు వచ్చాడు, వెనకే కూరగాయల సంచితో వదినా వచ్చింది. వదిన ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. తెలిసిపోయింది. సంచి బల్ల మీద పెట్టింది, అట్టముక్క జారి బల్ల ఒరిగింది, ఉల్లిపాయలు నేలంతా దొర్లాయి. ముగ్గురం నిలబడి చూశాం. ఎవరం వంగలేదు.

మార్చి 23

వదిన నాతో మాట్లాడటం లేదు. అన్నయ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు.

మార్చి 25

షెడ్డుకు తాళం వేసేశాడు. గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. పాడటం లేదు.

ఆ పాట కోసం చెవి కోసుకుంటానని ఎప్పుడైనా అనుకున్నానా.

విప్పడం నాకు చేతనవును. విప్పాక బొమ్మను ఎలా ఆరబెట్టాలో చేతనవును. మనిషిని ఎలాగో తెలియదు. తప్పు చేశానేమో. వదినే సరైందేమో. ముసలాయన నోరు తెరుచుకుని ఉంటే అది నాకు చెప్పిన సలహా అనుకోవడం నా పిచ్చేమో. వేలున్నప్పుడూ అలాగే అనుకున్నాను కదా. ఆయన ఏమన్నా, నాకు నచ్చినట్టు వినేది మాత్రం నేనే.

మార్చి 28

పొద్దున అన్నయ్యా వదినా పెరటి మెట్ల మీద కూర్చుని మాట్లాడుకోవడం పైగది కిటికీలోంచి కనబడింది. మాటలు వినబడలేదు. ఒకసారి వదిన ఆయన భుజం మీద కొట్టింది, గట్టిగానే. తర్వాత అదే భుజం మీద తల పెట్టుకుంది. నేను కిటికీ మూసేశాను.

మార్చి 30

చిత్రిక చప్పుడుకు మెలకువొచ్చింది.

కిందికి పరిగెత్తాను. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అన్నయ్య లుంగీ ఎగగట్టి, పచ్చిచెక్క మీద చిత్రిక పడుతున్నాడు. రెండుసార్లు తోయడం, ఒకసారి ఆగడం. పొట్టు తడితడిగా చుట్టలు చుట్టుకుని పాదాల మీద పడుతోంది. వాసన పెరడంతా నిండింది.

"ఏం అతుకులమ్మా, అలా చూస్తావేం. ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాను. "మెలి తిరుగుతుందన్నావుగా."

"తిరుగుతుంది. తిరగనీ. అది తిరిగేది చూసుకోవాల్సింది మీరు, నాకేం." చిత్రిక ఇంకోసారి తోసి అన్నాడు, "ముందే చెప్పుంటే ఆరిన చెక్కే వెతుక్కునేవాణ్ణి కదే, మొద్దుల్లారా."

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. అన్నయ్య తలెత్తాడు. "నువ్వు రావే, నువ్వు పట్టుకో. దానికి కాగితం తప్ప ఏదీ తిన్నగా పట్టుకోవడం రాదు."

వదిన వచ్చి నా చేతిలోంచి చెక్క చివర తీసుకుంది. తీసుకుంటూ, "టీ పెట్టు పో" అంది. వారం రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. నేను ఎంత శ్రద్ధగా టీ పెట్టానో దేవుడికే తెలియాలి.

ఏప్రిల్ 6

ప్రదర్శన మొదలైంది. ముసలాయన తలుపు ఎదురుగానే ఉన్నాడు. అరచేతిలో చిరుగు అతికాను గానీ దాచలేదు. పక్కన చిన్న అద్దం కింద ఆ పాత ముక్కను, దాని మీద వేలితో సహా పెట్టాం. అది కూడా ఒకరి పనే కదా. క్యూరేటరు గారు కొత్త కార్డు నన్నే రాయమన్నారు. ఈసారి రెండే వాక్యాలు. 'ఈ పునీతుడు ఎవరో మనకు తెలియదు. ఎదుటివారికి ఏదో చెబుతున్నాడు.'

"ఏం చెబుతున్నాడో కూడా రాయాల్సిందమ్మా" అన్నారాయన.

"చిల్లు ఉన్నచోట తెల్లగా వదిలెయ్యాలండి" అన్నాను. ఆయన నవ్వారు.

మే 4

బల్ల వంటింట్లోకి వచ్చింది. మోయడానికి పక్కింటివాళ్ళు సాయం పట్టారు. అన్నయ్య కుర్చీలో కూర్చుని అందరినీ తిట్టాడు, అది మోయడం కంటే ఎక్కువ పని అన్నట్టు.

అందంగా ఉంది. నాలుగు పలకలు, అంచులు గుండ్రంగా నునుపుదేలి. వదిన చేత్తో ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిమింది. ఒక మూల నుంచి మళ్ళీ తడిమింది. ప్లైవుడ్ బల్లను వాకిట్లో పెట్టేశాం. అట్టముక్కను మాత్రం వదిన తీసి దాచుకుంది, ఎందుకో.

భోజనాల తర్వాత అన్నయ్య మధ్య రెండు పలకల అతుకు మీద గోరు గీసి చూపించాడు. "ఇదుగో, ఇక్కడ విడుతుంది. వచ్చే వేసవికి చిటికెనవేలు పట్టేంత సందు వస్తుంది. లక్క పోసి పూడ్చకండి. ఎవడో వచ్చి పూడుస్తానంటే తన్నండి."

"నేను పూడుస్తానా" అన్నాను.

"నిన్ను చూసే చెప్తున్నా."

చాలా రోజుల తర్వాత పాడాడు. ఎప్పటిలాగే శ్రుతి లేదు.

ఆగస్టు 19

అన్నయ్య పోయాడు. నిద్రలో కాదు, మాట్లాడుతూనే. ఇద్దరం దగ్గరే ఉన్నాం. చెప్పాల్సినవన్నీ చెప్పుకున్నాం, ఇంకా మిగిలాయి.

ఏప్రిల్ 27

ఎనిమిది నెలలుగా ఇందులో ఏమీ రాయలేదు.

ఇవాళ ఎండ బాగా కాసింది. భోజనానికి కూర్చున్నాక వదిన కంచం పక్కకు జరిపి, "అమ్మాయ్, ఇలా చూడు" అంది. బల్ల మధ్య సందులో ఆమె చిటికెనవేలు పట్టింది. తీసి, నన్ను పెట్టమంది. నాదీ పట్టింది.

మెతుకులు పడితే పుల్లతో తీసుకుంటున్నాం. పూడ్చలేదు.